ఒకే తక్కెడలో వేయకూడని రెండు ప్రశ్నలు: పోలీసులపై హింస, పోలీసుల జవాబుదారీతనం

1833 మే 13న లండన్‌లోని కోల్డ్‌బాత్ ఫీల్డ్స్ అనే చోట, రాజకీయ హక్కుల కోసం కార్మికులు తలపెట్టిన సభను చెదరగొట్టడానికి వెళ్లిన పోలీసు బృందంలో రాబర్ట్ కల్లీ అనే కానిస్టేబుల్ కత్తిపోటుకు గురై మరణించారు. ఆయన మృతిపై విచారణకు కూర్చున్న పదిహేడుగురు సాధారణ పౌరుల జ్యూరీ, ఇది సమర్థించదగిన హత్య అని తీర్పు చెప్పింది. అందుకు మూడు కారణాలు చూపింది. జనాన్ని చెదిరిపొమ్మని చట్టప్రకారం చదవవలసిన ప్రకటనను ఎవరూ చదవలేదు. సభ జరగకుండా ప్రభుత్వం ముందుగా తగిన చర్యలు తీసుకోలేదు. జనం రెచ్చగొట్టకపోయినా పోలీసులు క్రూరంగా విరుచుకుపడ్డారు. పై కోర్టు తర్వాత ఆ తీర్పును కొట్టివేసింది గానీ, నగరంలో చాలామంది అప్పటికే ఆ జ్యూరీ సభ్యులను వీరులుగా కొనియాడారు, వారి గౌరవార్థం పతకాలు కూడా పోయించారు.

లండన్ మెట్రోపాలిటన్ పోలీసు దళానికి అప్పటికి నాలుగేళ్లు కూడా నిండలేదు. జ్యూరీ చూపిన మూడు కారణాలను మళ్లీ చదివితే, వాటిలో ఒక్కటి కూడా చనిపోయిన మనిషిని ఉద్దేశించినది కాదని తెలుస్తుంది. మొదటిది అధికారులు పాటించని విధానం గురించి, రెండోది ప్రభుత్వ నిర్లక్ష్యం గురించి, మూడోది దళం మొత్తం ప్రవర్తన గురించి. ఆదేశాలు ఇచ్చినవారిని నిలదీయడానికి వేరే వేదిక లేని చోట, ఆ కోపమంతా ఒక కానిస్టేబుల్ శవం మీద తీర్పుగా వెలువడింది. విధి నిర్వహణకు వెళ్లిన మనిషి తిరిగి ఇంటికి రాకపోతే, అతని మరణాన్ని పండుగ చేసుకోవడం ఏ కాలంలోనైనా దారుణమే. ఆ దారుణానికి దారి వేసిన పరిస్థితిని అర్థం చేసుకోవడానికి నిరాకరించడం మాత్రం, తర్వాతి కానిస్టేబుల్‌ను కూడా అదే ప్రమాదంలోకి పంపడం అవుతుంది.

దాదాపు రెండు శతాబ్దాల తర్వాత ఈ చర్చ అత్యంత తీవ్రంగా నడుస్తున్నది అమెరికాలో. అక్కడ ఒక వర్గం, పోలీసులను ప్రశ్నించే కొద్దీ వారిపై దాడి చేసేవారికి ధైర్యం పెరుగుతుందని వాదిస్తుంది. మరో వర్గం, పోలీసులపై దాడుల గురించి మాట్లాడటమే పోలీసుల హింసను కప్పిపుచ్చే ఎత్తుగడ అని అనుమానిస్తుంది. చూడటానికి ఇవి పూర్తిగా ఎదురెదురు వాదనలు. నిజానికి రెండూ ఒకే ఊహ మీద నిలబడ్డాయి: పోలీసు భద్రత, పోలీసు జవాబుదారీతనం ఒకే తక్కెడకు రెండు పళ్లాలని, ఒకటి పైకి లేస్తే రెండోది కిందికి దిగవలసిందేనని. ఈ తక్కెడే తప్పు అన్నది ఈ వ్యాసంలోని వాదన.

ముందు అంకెలు చూద్దాం, ఎందుకంటే ఈ చర్చలో అంకెలనే ఎక్కువగా మెలితిప్పుతారు. అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ, విధి నిర్వహణలో ప్రమాదాల వల్ల మరణించిన పోలీసులను, నేరపూరిత దాడుల్లో హతమైన పోలీసులను వేరువేరుగా లెక్కిస్తుంది. ఆ రెండో లెక్క ప్రకారం 1973లో 134 మంది పోలీసులు హతులయ్యారు, 2013లో ఆ సంఖ్య 27, 2014లో 51, 2015లో 41, 2016లో 66, 2017లో 46, 2021లో 73. ఈ వరుసలోంచి 2013, 2014 మాత్రమే తీసి పక్కపక్కన పెడితే, 2014 ఆగస్టులో ఒక నల్లజాతి యువకుణ్ణి పోలీసు కాల్చి చంపాక ఫెర్గూసన్ అనే పట్టణంలో మొదలైన నిరసనల వల్ల పోలీసు హత్యలు దాదాపు రెట్టింపయ్యాయని చెప్పవచ్చు. కానీ 2013 దశాబ్దాల్లోకెల్లా అతి తక్కువ మరణాలు నమోదైన ఏడాది, కాబట్టి దాని పక్కన ఏ ఏడాదిని నిలబెట్టినా పెద్దదిగానే కనిపిస్తుంది. నిరసనలు దేశమంతా పాకిన 2015లో ఈ సంఖ్య మళ్లీ తగ్గింది. అలాగని 1973తో పోల్చి ఇప్పుడంతా సురక్షితమేనని చెప్పడమూ నిజాయితీ కాదు, ఎందుకంటే ఈ మధ్యకాలంలో తూటా రక్షక కవచాలు, అత్యవసర వైద్యం ఎంతో మెరుగుపడ్డాయి. ఒకప్పుడు చనిపోయి ఉండేవారు ఇప్పుడు గాయాలతో బతుకుతున్నారు. 2023లో విధుల్లో దాడికి గురైన పోలీసుల సంఖ్య దాదాపు 79 వేలు, అంతకుముందు పదేళ్లలో అదే అత్యధిక రేటు.

రెండో వైపు లెక్క ఇంకా విచిత్రమైనది. పోలీసుల చేతిలో ఏటా ఎంతమంది మరణిస్తున్నారో చెప్పగల పూర్తి ప్రభుత్వ లెక్క అమెరికాకు చాలాకాలం లేదు. వాషింగ్టన్ పోస్ట్ పత్రిక 2015లో సొంతంగా లెక్కించడం మొదలుపెట్టాక, పోలీసుల కాల్పుల్లోనే ఏడాదికి సుమారు వెయ్యి మంది మరణిస్తున్నారని, ప్రభుత్వ గణాంకాల్లో అందులో సగం కూడా కనిపించడం లేదని బయటపడింది. ఆ వెయ్యి మందిలో ఎక్కువమంది ఆ క్షణంలో ఏదో ఒక ఆయుధంతో ఉన్నవారే, కాబట్టి ప్రతి మరణాన్నీ అన్యాయమని తేల్చలేం. అయితే విధుల్లో నేలకొరిగిన తన అధికారులందరినీ పేరుపేరునా స్మారక ఫలకాల మీద చెక్కించుకునే రాజ్యం, తన తూటాలకు చనిపోయిన పౌరుల సంఖ్యనైనా రాసిపెట్టుకోకపోవడాన్ని పొరపాటు అనడానికి నాకు మనసొప్పదు. లెక్కలోకే రాని మరణానికి ఎవరు ఎవరికి జవాబు చెబుతారు?

ఈ రెండు లెక్కలనూ కలిపే దారం తుపాకీ. 2018లో వెలువడిన ఒక అంతర్జాతీయ అంచనా ప్రకారం అమెరికా పౌరుల దగ్గర సుమారు 39 కోట్ల తుపాకులు ఉన్నాయి, అంటే జనాభా కంటే ఎక్కువ. ఆపిన ప్రతి కారులోనూ ఒక తుపాకీ ఉండవచ్చన్న ఊహతోనే అక్కడి పోలీసు శిక్షణ మొదలవుతుంది. ఆ ఊహ నిరాధారమైనది కాదు, కనుకనే అది అంత ప్రమాదకరం: డ్రైవరు లైసెన్సు కోసం జేబులో చెయ్యి పెట్టిన క్షణాన్ని భయం వేరే విధంగా చదువుతుంది. పౌరుల దగ్గర తుపాకులు చాలా తక్కువగా ఉండి, పోలీసు శిక్షణ రెండున్నర నుంచి మూడేళ్లు సాగే జర్మనీలో పోలీసు కాల్పుల మరణాలు సాధారణంగా ఏడాదికి పది దరిదాపుల్లోనే ఉంటూ వచ్చాయి. పోలీసులను కాపాడాలనే వర్గం, పౌరులను కాపాడాలనే వర్గం ఇద్దరూ కలిసి మాట్లాడగలిగిన మొదటి అంశం ఇదే అయినా, అమెరికా రాజకీయాల్లో అది అందరికంటే తక్కువగా మాట్లాడుకునే అంశంగా మిగిలిపోయింది.

ఫెర్గూసన్ దగ్గర కాసేపు ఆగడం అవసరం, ఎందుకంటే ఈ చర్చలోని చిక్కుముడి అంతా ఆ చిన్న పట్టణంలో ఉంది. మిస్సోరి రాష్ట్రంలో, సుమారు 21 వేల జనాభా ఉన్న ఆ పట్టణంలో 2014 ఆగస్టు 9న మైకేల్ బ్రౌన్ అనే 18 ఏళ్ల నల్లజాతి యువకుణ్ణి ఒక తెల్లజాతి పోలీసు అధికారి కాల్చి చంపాడు. బ్రౌన్ చేతులు పైకెత్తి లొంగిపోతుండగా కాల్చారన్న మాట దేశమంతా నినాదమైంది. 2015 మార్చిలో కేంద్ర న్యాయ శాఖ ఒకే రోజున రెండు నివేదికలు విడుదల చేసింది. మొదటిది, ఆ అధికారిపై అభియోగం మోపడానికి ఆధారాలు లేవని, చేతులు పైకెత్తాడన్న సాక్ష్యాలు భౌతిక ఆధారాలకు సరిపోవడం లేదని చెప్పింది. రెండోది, ఆ పట్టణ పోలీసు విభాగం ఏళ్ల తరబడి రాజ్యాంగ విరుద్ధంగా నడుస్తోందని చెప్పింది.

ఆ రెండో నివేదిక చదివితే ఊరి కోపం ఒక్క తూటాతో పుట్టింది కాదని అర్థమవుతుంది. జనాభాలో నల్లజాతివారు 67 శాతం కాగా, 2012 నుంచి 2014 వరకు ఆపిన వాహనాల్లో 85 శాతం, వేసిన చలానాల్లో 90 శాతం, చేసిన అరెస్టుల్లో 93 శాతం వారివే. పట్టణ ఖజానాకు జరిమానాల ఆదాయం పెంచమని పాలకులు పోలీసు అధిపతిని ఒత్తిడి చేస్తూ వచ్చారు. 2014 చివరికి అక్కడి మునిసిపల్ కోర్టు జారీ చేసిన వారెంట్లు పెండింగులో ఉన్నవారు 16 వేల మందికి పైనే. 2007లో ఒక మహిళ కారును తప్పుగా నిలిపినందుకు రెండు చలానాలు, 151 డాలర్ల జరిమానా పడ్డాయి. ఆమె డబ్బు కట్టలేక, వాయిదాలకు హాజరు కాలేక ఆరు రోజులు జైల్లో ఉన్నారు. ఏడేళ్లలో 550 డాలర్లు చెల్లించిన తర్వాత కూడా ఇంకా 541 డాలర్లు బాకీ మిగిలింది. ఆ వసూలు కోసం రోడ్డు మీద చెయ్యి చాపవలసింది మేయరు కాదు, ఆదాయ లక్ష్యం నిర్ణయించిన అధికారి కాదు, గస్తీ తిరిగే కానిస్టేబుల్. జనం ద్వేషం ఎదుర్కొన్నదీ అతడే.

ఒక వర్గం మొదటి నివేదికను మాత్రమే చేతపట్టుకుంది, మరో వర్గం రెండోదాన్ని మాత్రమే. రెండింటినీ రాసింది ఒకే శాఖ, రెండూ ఒకేసారి నిజం కాగలవు. ఒక నిర్దిష్ట ఘటనలో అధికారి నిర్దోషి కావచ్చు, అతడు పనిచేస్తున్న వ్యవస్థ మాత్రం దోషి కావచ్చు. జవాబుదారీతనం అంటే శిక్ష అని మాత్రమే అర్థం చేసుకున్నవారికి ఈ మాట మింగుడు పడదు. స్వతంత్రమైన విచారణ నిర్దోషిని నిర్దోషి అని తేల్చడం కూడా జవాబుదారీతనమే, పైగా ఆ అధికారికి దొరికే అతి గట్టి రక్షణ కూడా అదే.

చట్టం ఏమంటుందో ఇప్పుడు చూడాలి. 1984లో నార్త్ కెరొలినా రాష్ట్రంలోని షార్లెట్ నగరంలో డీథోర్న్ గ్రాహమ్ అనే మధుమేహ రోగి, రక్తంలో చక్కెర పడిపోతుంటే నారింజ రసం కోసం స్నేహితుడి కారులో దుకాణానికి వెళ్లి, వరుస పొడవుగా ఉందని గబగబా బయటికి వచ్చేశాడు. ఆ హడావుడి చూసి అనుమానించిన పోలీసు కారును ఆపాడు. ఆ గొడవలో గ్రాహమ్ పాదం విరిగింది. అతను ఏ నేరమూ చేయలేదని చివరికి తేలింది. ఈ కేసులోనే 1989లో అమెరికా సుప్రీంకోర్టు, పోలీసు బలప్రయోగాన్ని కొలిచే గీటురాయిని నిర్ణయించింది: తర్వాత తీరిగ్గా కూర్చుని చూసినవారి దృష్టితో కాకుండా, ఆ క్షణంలో ఆ స్థలంలో ఉన్న వివేకవంతుడైన అధికారి దృష్టితో దాన్ని చూడాలి. నిమిషాల్లో, ఒక్కోసారి క్షణాల్లో నిర్ణయం తీసుకోవలసిన మనిషికి ఇది న్యాయమైన గీటురాయే. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, కొన్ని కోర్టులు ఆ క్షణాన్ని కుదించుకుంటూ పోయి, తూటా పేలిన రెండు సెకన్లను మాత్రమే చూడటం అలవాటు చేసుకున్నాయి. ఒక అధికారి కదులుతున్న కారు అంచు మీదికి తానే దూకి, ఆ తర్వాత ప్రాణభయంతో డ్రైవరును కాల్చి చంపిన కేసులో, అతడు ఎందుకు దూకాడన్న ప్రశ్నను కింది కోర్టులు పక్కన పెట్టాయి. 2025 మేలో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ పద్ధతిని తోసిపుచ్చి, ఘటనకు ముందు జరిగినదంతా లెక్కలోకి తీసుకోవలసిందేనని చెప్పింది. ప్రమాదాన్ని తానే సృష్టించుకోకూడదన్న ఈ సూత్రం పౌరుణ్ణి ఎంత కాపాడుతుందో, ఆ కారు అంచున వేలాడే అధికారినీ అంతే కాపాడుతుంది.

నష్టపరిహారం విషయంలో మరో చట్ట సూత్రం ఉంది. దాన్ని షరతులతో కూడిన రక్షణ అనవచ్చు: తాము చేసిన పని రాజ్యాంగ విరుద్ధమని అంతకుముందే అదే రకమైన కేసులో కోర్టు స్పష్టంగా తేల్చి ఉంటే తప్ప, అధికారులపై దావా నిలవదు. ఇది తొలగిపోతే పోలీసులు దివాలా తీస్తారని, ఎవరూ ఉద్యోగంలో చేరరని పోలీసు సంఘాలు భయపడతాయి. ఆ భయాన్ని కొట్టిపారేయనవసరం లేదు, పరిశీలించి చూడవచ్చు. 2006 నుంచి 2011 వరకు 81 పోలీసు విభాగాల్లో చెల్లించిన పరిహారాలను ఒక న్యాయశాస్త్ర ఆచార్యురాలు పరిశీలించగా, అధికారులు తమ జేబులోంచి కట్టింది మొత్తంలో 0.02 శాతం మాత్రమేనని తేలింది. మిగిలినదంతా నగరాలు కట్టాయి, అంటే పన్ను చెల్లించే పౌరులు కట్టారు. కొలరాడో రాష్ట్రం 2020లో ఒక మధ్యేమార్గం ఎంచుకుంది: సదుద్దేశం లేకుండా ప్రవర్తించాడని తేలిన అధికారి పరిహారంలో 5 శాతం గానీ 25 వేల డాలర్లు గానీ, ఏది తక్కువైతే అది సొంతంగా చెల్లించాలి. మనిషిని నాశనం చేయనంత తక్కువ, మరిచిపోలేనంత ఎక్కువ అయిన మొత్తం అది.

పోలీసు సంఘాల వాదనలో నేను గౌరవించే భాగం ఒకటుంది. ఘటన జరిగిన మర్నాడే, దర్యాప్తు మొదలు కాకముందే, ఓట్ల కోసం ఒక కానిస్టేబుల్‌ను బలిచ్చే మేయర్లు ఉంటారు. కాబట్టి ఆరోపణ ఎదుర్కొనే పోలీసుకు కూడా తన మాట వినిపించుకునే హక్కు, అప్పీలు చేసుకునే హక్కు ఉండి తీరాలి. అయితే ఆ హక్కు ఎక్కడ ముగిసి, కవచం ఎక్కడ మొదలవుతుందో అంకెలు చెబుతాయి. 2017లో ఒక పత్రికా పరిశోధన ప్రకారం, అమెరికాలోని పెద్ద పోలీసు విభాగాలు 2006 తర్వాత తొలగించిన 1,881 మందిలో 451 మంది అప్పీలు ద్వారా తిరిగి ఉద్యోగంలో చేరారు. 2014లో క్లీవ్‌లాండ్‌లో బొమ్మ తుపాకీతో ఆడుకుంటున్న 12 ఏళ్ల టమీర్ రైస్‌ను కాల్చిన అధికారి, అంతకుముందు మరో పట్టణ పోలీసు విభాగంలో ఆ ఉద్యోగానికి తగనివాడని పై అధికారులు రాసిపెట్టినవాడే. క్లీవ్‌లాండ్ విభాగం అతణ్ణి చేర్చుకునే ముందు ఆ ఫైలు తెప్పించి చూడలేదు. ఇలాంటి నియామకం వల్ల మొదట నష్టపోయింది ఒక బిడ్డ, ఒక కుటుంబం. ఆ తర్వాత నష్టపోయింది, అదే యూనిఫాంలో అదే వీధుల్లోకి మర్నాడు వెళ్లవలసిన తోటి పోలీసులు.

అబద్ధపు ప్రకటనల వల్ల కలిగే నష్టం దీనికంటే లోతుగా దిగుతుంది. 2020 మే 25న మినియాపోలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడపై ఒక అధికారి తొమ్మిది నిమిషాలకు పైగా మోకాలు మోపి చంపిన తర్వాత, పోలీసు విభాగం ఇచ్చిన మొదటి ప్రకటన, పోలీసులతో వ్యవహరిస్తుండగా వైద్యపరమైన సమస్య తలెత్తి ఒక వ్యక్తి మరణించాడన్నది. దారిన పోతున్న ఒక పదిహేడేళ్ల అమ్మాయి ఫోనులో తీసిన వీడియో లేకపోతే ఆ ప్రకటనే చరిత్రగా మిగిలేది. 2014లో షికాగోలో లక్వాన్ మెక్‌డొనాల్డ్ అనే 17 ఏళ్ల కుర్రవాడిపై పదహారు తూటాలు పేల్చిన వీడియో బయటికి రావడానికి పదమూడు నెలలు, ఒక కోర్టు ఉత్తర్వు పట్టాయి. ఇలాంటి ప్రతి ఘటన తర్వాత, వేరే చోట వేరే అధికారి నిజంగానే ఆత్మరక్షణ కోసం కాల్చి, ఉన్నదున్నట్టు చెప్పినా జనం నమ్మరు.

మరణించిన పోలీసుల వైపు నుంచి ఈ కథను చెప్పగల అర్హత డాలస్ నగర పోలీసు అధిపతిగా పనిచేసిన డేవిడ్ బ్రౌన్ కంటే ఎక్కువగా ఎవరికీ లేదేమో. 2016 జూలై 7న, పోలీసు కాల్పులకు వ్యతిరేకంగా డాలస్‌లో శాంతియుతంగా సాగిన ప్రదర్శన ముగుస్తుండగా ఒక మాజీ సైనికుడు తుపాకీతో ఐదుగురు పోలీసులను చంపాడు. ఆ సాయంత్రం వరకు ప్రదర్శకులతో ఫోటోలు దిగుతూ, ఘర్షణల్లో వేసుకునే కవచాలు లేకుండా నిలబడిన పోలీసులు, తూటాలు పేలగానే జనాన్ని తప్పించి తాము కాల్పుల వైపు పరిగెత్తారు. ఆ విభాగాన్ని బ్రౌన్ అప్పటికే ఉద్రిక్తతను తగ్గించే శిక్షణ వైపు మళ్లించారు. బలప్రయోగంపై ఫిర్యాదులు బాగా తగ్గాయి. సంస్కరించుకుంటున్న విభాగమే బలైపోయింది కనుక సంస్కరణ వ్యర్థమని ఆయన అనవచ్చు. ఆయన అలా అనలేదు. మానసిక వైద్యం నుంచి బడుల వైఫల్యం వరకు సమాజం పరిష్కరించలేని ప్రతి సమస్యనూ పోలీసుల మీదికి నెడుతున్నామని, వారిని మోయలేనంత మోయమంటున్నామని అన్నారు. నిరసన తెలిపేవారిని వచ్చి పోలీసు ఉద్యోగాల్లో చేరమని పిలిచారు. 2010లో ఆయన ఆ పదవి చేపట్టిన కొద్ది వారాలకే, మానసిక అనారోగ్యంతో ఉన్న ఆయన కుమారుడు ఒక పౌరుణ్ణి, ఒక పోలీసును చంపి, పోలీసుల కాల్పుల్లో మరణించాడు. హతుడైన పోలీసు, పోలీసు చేతిలో హతుడైన కొడుకు, రెండు దుఃఖాలూ ఒకే మనిషి గుండెలో ఉన్నప్పుడు తక్కెడ అన్న మాటకు అర్థం ఉండదు. డాలస్ ఘటన జరిగిన పది రోజులకే బాటన్ రూజ్‌లో హతులైన ముగ్గురు పోలీసుల్లో ఒక నల్లజాతి అధికారి ఉన్నారు. యూనిఫాంలో ఉంటే ద్వేషపు చూపులు ఎదురవుతున్నాయని, యూనిఫాం లేకపోతే తననే ప్రమాదకారిగా చూస్తున్నారని ఆయన చనిపోవడానికి కొద్ది రోజుల ముందే రాసుకున్నారు.

దీనికి భిన్నమైన స్పందన న్యూయార్క్‌లో కనిపించింది. 2014 డిసెంబరు 20న బ్రూక్లిన్‌లో గస్తీ కారులో కూర్చున్న ఇద్దరు పోలీసులను, నల్లజాతివారి మరణాలకు ప్రతీకారమని ప్రకటించుకున్న ఒక వ్యక్తి కాల్చి చంపాడు. పోలీసు సంఘ నాయకులు ఆ నెత్తురు మేయరు చేతులకే అంటిందన్నారు. అంత్యక్రియల్లో వందలాది పోలీసులు మేయరుకు వీపు తిప్పి నిలబడ్డారు. తర్వాత కొన్ని వారాలు చిన్న నేరాలకు చలానాలు రాయడం దాదాపు ఆపేశారు. ఆ వారాల్లో పెద్ద నేరాలపై ఫిర్యాదులు పెరగలేదని, కొంత తగ్గాయని 2017లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. దీన్నిబట్టి పోలీసులే అక్కర్లేదని తేల్చడం తొందరపాటు. చిన్న నేరాల మీద సాగే ఎడతెగని వేట, పోలీసులకూ జనానికీ మధ్య రోజువారీ ఘర్షణను పెంచుతూ, భద్రతకు అనుకున్నంత తోడ్పడకపోవచ్చునన్న సూచన మాత్రం అందులో ఉంది.

యంత్రాలతో ఈ సమస్య తీరిపోతుందన్న ఆశ కూడా నిలవలేదు. కాలిఫోర్నియాలోని రియాల్టో అనే చిన్న పట్టణంలో 2012లో మొదలైన ప్రయోగంలో ఒంటిపై కెమెరాలు ధరించాక పోలీసులపై ఫిర్యాదులు ఒక్కసారిగా పడిపోయాయి. వాషింగ్టన్ నగరంలో రెండు వేల మందికి పైగా పోలీసులతో జరిగిన పెద్ద ప్రయోగంలో, 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం, చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు. కెమెరా ఎప్పుడు ఆన్ చేయాలో, ఆ దృశ్యాన్ని ఎవరు, ఎన్ని రోజుల్లో బయటపెట్టాలో చెప్పే నియమం లేకపోతే, అది ఆస్తి జాబితాలోకి చేరే మరో వస్తువు మాత్రమే.

నమ్మకం పోతే జనం పోలీసులకు ఫోన్ చేయడం మానేస్తారా అన్నదానిపై పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు. మిల్వాకీలో పోలీసులు ఒక నల్లజాతి వ్యక్తిని దారుణంగా కొట్టిన విషయం బయటపడ్డాక ఏడాదిలో సుమారు 22 వేల అత్యవసర కాల్స్ తగ్గాయని 2016లో ఒక అధ్యయనం చెప్పగా, అదే సమాచారాన్ని మళ్లీ పరిశీలించిన మరో పరిశోధకుడు ఆ లెక్క నిలవదన్నారు. ఈ భేదాన్ని దాచి, ఒకవైపు అధ్యయనాన్నే చూపడం నాకు ఇష్టం లేదు. ఫలితం తమకు నచ్చకపోయినా, తమ మాట విన్నారని, అందరికీ ఒకే నియమం వర్తించిందని అనిపిస్తే మనుషులు చట్టానికి ఎక్కువగా లోబడతారన్న విషయానికి మాత్రం, మనస్తత్వ శాస్త్రవేత్త టామ్ టైలర్ 1990 నుంచి చేసిన కృషితో మొదలుకొని, బలమైన ఆధారాలున్నాయి.

జవాబుదారీతనం ఎంత వేగంగా సాగుతుందన్నది దాదాపు ఎవరూ పట్టించుకోని విషయం. లండన్‌లో 2022 సెప్టెంబరులో ఒక సాయుధ పోలీసు అధికారి, తన దగ్గర ఆయుధం లేని ఒక నల్లజాతి యువకుణ్ణి కారులో ఉండగా కాల్చి చంపారు. ఏడాది తర్వాత ఆ అధికారిపై హత్యాభియోగం నమోదైనప్పుడు, ఎంతోమంది సాయుధ పోలీసులు తమ తుపాకులను తిరిగి అప్పగించారు. ప్రభుత్వం సైన్యాన్ని సిద్ధంగా ఉండమనవలసి వచ్చింది. 2024 అక్టోబరులో జ్యూరీ సుమారు మూడు గంటల్లోనే ఆయన్ని నిర్దోషిగా తేల్చింది. రెండేళ్లకు పైగా ఆ అధికారి మెడ మీద కత్తి వేలాడింది, రెండేళ్లకు పైగా ఆ తల్లిదండ్రులు జవాబు కోసం ఎదురుచూశారు. ఈ జాప్యంలో లాభపడినవారు ఎవరూ లేరు. విచారణ స్వతంత్రంగా ఉండటం ఎంత ముఖ్యమో, త్వరగా పూర్తికావడమూ అంతే ముఖ్యమన్న మాటను రెండు వర్గాలూ ఒకే గొంతుతో అడగవచ్చు, ఇంతవరకు అడగలేదు.

అమెరికాలో ఇప్పుడు గాలి వేరే దిక్కుకు తిరిగింది. దుష్ప్రవర్తన కారణంగా తొలగించిన అధికారులు మరో చోట చేరకుండా గుర్తించడానికి కేంద్ర ప్రభుత్వం 2023లో తెచ్చిన జాతీయ సమాచార నిధిని 2025 ఆరంభంలో మూసేశారు. మినియాపోలిస్, లూయీవిల్ పోలీసు విభాగాలను కోర్టు పర్యవేక్షణలో సంస్కరించే ఒప్పందాల నుంచి న్యాయ శాఖ అదే ఏడాది మేలో వైదొలగింది. పోలీసులకు అండగా నిలవడమే ఇందులోని ఉద్దేశమని చెబుతున్నారు. టమీర్ రైస్‌ను కాల్చిన అధికారి ఫైలును ఎవరూ తెరవకపోవడం వల్ల పోలీసులకు ఏ మేలు జరిగిందో ఆ మాట చెప్పేవారు వివరించాలి.

పోలీసులు నిజంగా యుద్ధ స్థాయిలో చనిపోయిన చోట జవాబుదారీతనం సాధ్యమేనా అన్న ప్రశ్నకు ఉత్తర ఐర్లాండ్ చరిత్రలో జవాబు ఉంది. బ్రిటన్‌లోనే ఉండాలనే ప్రొటెస్టెంట్లకు, ఐర్లాండ్‌లో కలవాలనే కేథలిక్కులకు మధ్య దాదాపు మూడు దశాబ్దాలు సాగిన ఘర్షణలో అక్కడి పోలీసు దళమైన రాయల్ అల్‌స్టర్ కాన్‌స్టాబ్యులరీ 302 మందిని పోగొట్టుకుంది. ఆ దళంలో కేథలిక్కులు దాదాపు 8 శాతమే. కేథలిక్కు వర్గంలో చాలామంది దాన్ని తమ దళంగా ఎన్నడూ చూడలేదు. 1998 శాంతి ఒప్పందం తర్వాత క్రిస్ పాటెన్ నాయకత్వంలోని కమిషన్ 1999లో 175 సిఫార్సులు చేసింది: పేరు మార్చాలి, చిహ్నం మార్చాలి, నియామకాల్లో సగం కేథలిక్కులకు ఇవ్వాలి, పౌరులు కూర్చునే పర్యవేక్షణ మండలి ఉండాలి. 2000లో పనిచేయడం మొదలుపెట్టిన అంబుడ్స్‌మన్ కార్యాలయానికి సొంత దర్యాప్తు అధికారులు ఉన్నారు. పోలీసుల మీద ఫిర్యాదును పోలీసులే విచారించే పద్ధతి అక్కడితో ఆగింది. భర్తలను, కొడుకులను పోగొట్టుకున్న కుటుంబాలకు ఆ పేరు, ఆ చిహ్నం తీసేయడం ఎంత నొప్పించిందో ఊహించడం కష్టం కాదు. అది తమ త్యాగానికి అవమానమని వారిలో చాలామంది భావించారు. ఆ బాధ నిజమైనదే. 2001 తర్వాతి పదేళ్లలో కొత్త దళంలో కేథలిక్కుల వాటా సుమారు 30 శాతానికి చేరింది, 2007లో ఐర్లాండ్‌లో కలవాలని కోరే షిన్ ఫేన్ పార్టీ తొలిసారి పోలీసు వ్యవస్థకు మద్దతు ప్రకటించింది.

హింస అంతటితో ఆగలేదు. 2011 ఏప్రిల్‌లో ఒమా పట్టణంలో రోనన్ కెర్ అనే 25 ఏళ్ల కేథలిక్ కానిస్టేబుల్‌ను, ఐర్లాండ్‌లో కలవడం కోసం ఆయుధం పట్టి, శాంతి ఒప్పందాన్ని అంగీకరించని ఐరిష్ రిపబ్లికన్ ముఠా ఒకటి అతని కారు కింద బాంబు అమర్చి చంపింది. కేథలిక్కులు ఆ దళంలో చేరకుండా భయపెట్టడమే దాని ఉద్దేశం. కేథలిక్ యువత వెనకడుగు వేయకూడదని అతని తల్లి కోరారు. ఒకప్పుడు పోలీసులకు సభ్యత్వమే ఇవ్వని ఐరిష్ క్రీడా సంఘం సభ్యులు అతని శవపేటికను కొంత దూరం మోసి, అక్కడి నుంచి పోలీసుల భుజాలకు అందించారు. 2023 ఫిబ్రవరిలో అదే ఒమాలో, పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పి ఇంటికి బయలుదేరుతున్న ఒక డిటెక్టివ్ అధికారిపై ఆయన కొడుకు కళ్లముందే తూటాలు పేల్చారు. ఆయన బతికారు. ఆ వారాంతంలో వందలాది మంది పట్టణ ప్రజలు, రెండు వర్గాల వారూ, ఆయన కోసం వీధుల్లో నడిచారు.